పెరటి కొలనుకు చలికాలం



అక్టోబరు నెల సగం దాటిందంటే చాలు, షికాగో చుట్టుపక్కల పెరట్లో కొలను పెట్టుకున్న మనవాళ్ళ దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. "చేపల్ని ఇంట్లోకి తెచ్చుకోవాలాండీ? నీళ్ళలో హీటరు వెయ్యాలా? అంత మంచులో అవి బతుకుతాయా అసలు?" అని. గోదావరి జిల్లాల్లో చేపల చెరువు గట్ల మీద పెరిగినవాళ్ళు కూడా అడిగే ప్రశ్నే ఇది. అడగడంలో తప్పేం లేదు. చెరువు మీద మనిషి నడిచేంత మందాన నీళ్ళు గడ్డకట్టడం మన తాతముత్తాతలెవరూ చూసింది కాదు కదా.

కాబట్టి ధైర్యం మాట ముందు చెప్పేస్తాను. కోయి, గోల్డ్‌ఫిష్ రెండూ మన బొచ్చెకూ శీలావతికీ చుట్టాలే, ఒకే కార్ప్ కుటుంబం. కాకపోతే బొచ్చె, శీలావతి వేడి దేశంలో పుట్టినవి, ఇవి చలి ఎరిగినవి. నీళ్ళు నాలుగు డిగ్రీల సెంటిగ్రేడుకు పడిపోయినా వీటి ప్రాణం పోదు. కదలిక తగ్గించుకుని, గుండె వేగం తగ్గించుకుని, అడుగున గుంపుగా పడి ఉంటాయి. చలికాలంలో పెరటి కొలనుల్లో చచ్చిపోయే చేపల్లో చలికి చచ్చేవి తక్కువ, ఊపిరాడక చచ్చేవి ఎక్కువ. ఆ ఊపిరాడకపోవడంలో మంచు పాత్ర ఎంతో, యజమాని అతిశ్రద్ధ పాత్ర కూడా అంతే ఉంటుందని నా నమ్మకం.

నీటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. చల్లబడేకొద్దీ బరువెక్కుతుంది, కానీ నాలుగు డిగ్రీల దగ్గర, అంటే సుమారు 39 ఫారెన్‌హీట్ దగ్గర, ఆ బరువెక్కడం ఆగిపోతుంది. అంతకన్నా చల్లబడితే మళ్ళీ తేలికవుతుంది. గడ్డకట్టిందా, ఇంకా తేలిక. అందుకే మంచు పైన తేలుతుంది, నాలుగు డిగ్రీల నీళ్ళు అడుక్కి చేరతాయి. చేపలు చలికాలమంతా గడిపేది ఆ అడుగు నీళ్ళలోనే. పైన కట్టిన మంచు ఆ నీళ్ళకు కాపలా కూడా కాస్తుంది. గాలి చలిని తిన్నగా లోపలికి దిగనివ్వదు. పైగా, ఒక లీటరు నీరు గడ్డకట్టేటప్పుడు బయటికి వదిలే వేడి, అదే లీటరు నీటిని ఎనభై డిగ్రీలు చల్లబరిస్తే వచ్చే వేడితో సమానం. ఆ వేడంతా పోతే గాని మంచు మరో అంగుళం మందం కాదు. 2019 జనవరి 30న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది, మన లెక్కలో సున్నాకు ముప్ఫై డిగ్రీలు కింద. అలాంటి రోజున కూడా మూడడుగులు దాటిన కొలను అడుగున నీరు నీరుగానే ఉంటుంది.

ఆ మూడడుగుల లోతు మాత్రం ఉండాలి. షికాగోలో ఇంటి పునాది 42 అంగుళాల కిందికి దించాలని నిబంధన ఉంది, భూమి అంతవరకూ గడ్డకట్టే అవకాశం ఉంటుంది కాబట్టి. మిన్నెసోటా ఉత్తర భాగంలో అయితే 60 అంగుళాలు. మీ ఊళ్ళో పునాది లెక్క ఎంతో కనుక్కుంటే మీ కొలనుకు ఎంత లోతు కావాలో ఒక అంచనా వస్తుంది. నేల మీద నిలబెట్టిన తొట్టెల సంగతి వేరు. వాటికి పైనుంచే కాదు, నాలుగు పక్కల నుంచీ చలి పడుతుంది. ఒకటిన్నర అడుగుల తొట్టెలో కోయిలను మిన్నెసోటా చలికి వదిలేసి దేవుడి మీద భారం వెయ్యకండి.

ఇక ఊపిరి సంగతి. భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చెరువు చేసేవాళ్ళకు ముసురు పట్టిందంటే నిద్ర ఉండదు. ఎండ లేకపోతే నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు, తెల్లవారుజాముకి ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. రైతు పరుగున వెళ్ళి ఏరియేటర్లు తిప్పుతాడు. మంచు దేశపు కొలనులో జరిగేదీ అదే కథ. మంచు పలక మీద రెండు మూడు అంగుళాల హిమం పడిందంటే కింద చీకటి. ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది. తేడా ఎక్కడంటే, మన చెరువులో చేప కనీసం పైకి వచ్చి గాలి అందుకోవడానికి ప్రయత్నించగలదు. ఇక్కడ ఆ దారి కూడా మూసుకుపోయింది.

అలాగని మంచు కట్టిన మర్నాడే కంగారు పడనక్కర్లేదు. చల్లటి నీరు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది. ముప్ఫై డిగ్రీల నీళ్ళలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు పడితే, సున్నా డిగ్రీల దగ్గర 14.6 పడుతుంది. నిద్రమత్తులో ఉన్న చేపలు దాంట్లో వాడుకునేది కొంచెమే. మరి మిగతాది ఎవరు తినేస్తున్నారు? కుళ్ళుతున్న ఆకులు.

చలికాలపు పనంతా నిజానికి అక్టోబరు పనే అని నేననేది ఇందుకే. మేపుల్ చెట్టూ ఓక్ చెట్టూ ఇచ్చే రంగుల్ని ఫోటోలు తీసుకుంటాం, వాట్సాప్‌లో ఇంటికి పంపుతాం, బాగుంది. ఆ ఆకులే కొలనులో పడితే అడుక్కి దిగి నల్లబడతాయి. ఓక్ ఆకు అయితే నీళ్ళను టీ డికాక్షన్ రంగుకు తిప్పేస్తుంది. ఎప్పుడైనా పోయినేటి ఆకుల మడ్డిని జల్లెడ వలతో పైకి తీసి చూడండి. పైన ఆకు ఆకారం ఇంకా ఉంటుంది, ఈనెలు కూడా కనిపిస్తాయి, వేలితో నొక్కితే జారుడు బురదైపోతుంది. గుప్పెడు ఎత్తగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ వాయువు మంచు పలక కింద చిక్కుకుంటే చేపకు విషమే. ఆకులు రాలడం మొదలవకముందే కొలను మీద వల పరవండి. మధ్యలో కుంగి నీళ్ళను తాకకుండా బిగించి కట్టండి. ఆకులన్నీ రాలాక తీసెయ్యండి, లేకపోతే మొదటి హిమం బరువుకే చిరుగుతుంది.

మొక్కల సంగతికొస్తే ఒక చిత్రం చెప్పాలి. మన కాలవల్నీ చెరువుల్నీ పట్టి పీడించే గుర్రపు డెక్కను ఇక్కడ నర్సరీలో డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళున్నారు. పూలు బాగుంటాయి, వేళ్ళు నీళ్ళను శుభ్రం చేస్తాయి, కాదనను. టెక్సస్‌లో మాత్రం దాన్ని ఉంచుకోవడమే నేరం. ఉత్తరాది చలికి అది బతకదు. మొదటి గట్టి మంచుకే మెత్తబడి, కూలి, నీళ్ళలో కుళ్ళుతుంది. అంతదాకా ఆగకుండా ముందే ఏరిపారెయ్యండి. చలికి తట్టుకునే కలువల్ని మాత్రం ఆకులు కత్తిరించి, కుండీతో సహా లోతైన చోటికి దించితే చాలు. తామర దుంప కూడా గడ్డకట్టకుండా ఉంటే బతుకుతుంది. దాని కాడలు బోలుగా ఉంటాయి కాబట్టి ఎండిన తర్వాత నీటిమట్టానికి పైన కత్తిరించండి. నీళ్ళలో ముంచి కోస్తే బోలు కాడలోంచి నీళ్ళు దిగి దుంప కుళ్ళుతుంది. అమెరికాకు తనదంటూ ఒక తామర ఉందని మనలో చాలామందికి తెలియదు. పసుపుపచ్చ పూలు పూస్తుంది, ఇల్లినాయ్ నదుల వెంట కనిపిస్తుంది. పెరట్లో పెంచాలనుకుంటే చలి దేశానికి అదే నమ్మకస్తురాలు.

మేత దగ్గరికొద్దాం. ఇక్కడే మనవాళ్ళ చెయ్యి ఆగదు. గుడి కోనేట్లో చేపలకు మరమరాలు వేసిన అలవాటు మనది. మేత వెయ్యడం పుణ్యం, వెయ్యకపోవడం పాపం అన్నట్టుంటాం. కార్ప్ జాతి చేపకు కడుపు ఉండదు. జీర్ణాశయం అనే సంచే లేదు. తిన్నది తిన్నగా పేగులోకే పోతుంది. నీళ్ళు పది డిగ్రీల కిందికి, అంటే 50 ఫారెన్‌హీట్ కిందికి దిగాక ఆ పేగులో అరగడం దాదాపు ఆగిపోతుంది. నవంబరులో ఓ మధ్యాహ్నం ఎండ కాస్తే చేపలు పైకి వచ్చి, నోరు ఆడిస్తూ, మీకేసే చూస్తున్నట్టుంటాయి. ఆ చూపుకి కరిగిపోకండి. ఆ పూట తిన్న మేత, రాత్రి చలి పడ్డాక అరగక లోపలే ఉండిపోతుంది. చలికాలానికి కావలసిన కొవ్వు సెప్టెంబరులోనే వాటి ఒంట్లో చేరిపోయి ఉంటుంది. నాలుగైదు నెలలు ఉపవాసం ఉండగలవు. తాడుకు కట్టిన థర్మామీటరు ఒకటి కొలనులో వేలాడదియ్యండి, గాలి ఉష్ణోగ్రత చూసి నిర్ణయించకండి. పదిహేను నుంచి పది డిగ్రీల మధ్య గోధుమ మొలక మేత కొంచెం వెయ్యవచ్చు. పది దాటి కిందికి పోతే డబ్బా మూసి అటక మీద పెట్టెయ్యండి.

జలపాతాన్ని ఆపాలా వద్దా అని చాలామందికి సందేహం. ఆపండి. గడ్డకట్టిన జలపాతం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నిజమే. కానీ రాళ్ళ మధ్య మంచు పేరుకుని అడ్డుకట్ట కడితే నీళ్ళు పక్కదారి పట్టి కొలను బయటికి పోతాయి, మోటారు మాత్రం తోడుతూనే ఉంటుంది. తెల్లారేసరికి కొలను సగం ఖాళీ. ఇంకో నష్టం కంటికి కనపడదు. మోటారు అడుగు నీళ్ళను పైకి లాగి చలిగాలికి చూపించి మళ్ళీ లోపలికి పంపుతుంది. చేపలు తలదాచుకున్న ఆ నాలుగు డిగ్రీల పొర కాస్తా చెదిరిపోతుంది. మోటారు పైకి తీసి, గరాజ్‌లో బకెట్ నీళ్ళలో ముంచి ఉంచండి, సీళ్ళు ఎండిపోవు. అల్ట్రావయొలెట్ దీపం ఉంటే దాన్నీ ఇంట్లోకి తెచ్చెయ్యండి, అందులో నీళ్ళు మిగిలి గడ్డకడితే గాజు గొట్టం పగులుతుంది. గొట్టాలన్నీ ఖాళీ చెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు.

దాని బదులు ఓ చిన్న గాలి మోటారు, దాని చివర ఎయిర్ స్టోన్ చాలు. దాన్ని కొలను అడుగున పెడతారు చాలామంది, చేపలున్నది అక్కడే కదా అని. వద్దు. అంచున, పైనుంచి ఓ అడుగు లోతున పెట్టండి. బుడగలు పైకి వచ్చేచోట నీళ్ళు కదులుతూ ఓ కన్నం మిగిలి ఉంటుంది. మనకు కావలసింది ఆ కన్నమే. విషవాయువులు అందులోంచి పోతాయి, ఆక్సిజన్ అందులోంచి దిగుతుంది. గట్టి చలి రాత్రుల్లో బుడగలు ఒక్కటే సరిపోకపోతే పక్కన తేలే డీ-ఐసర్ కూడా ఉండాలి. అది కొలనును వేడి చెయ్యదు, చెయ్యకూడదు కూడా. తన చుట్టూ అడుగు మేర గడ్డకట్టనివ్వదు, అంతే. 1500 వాట్లది కొని రాత్రీ పగలూ నడిపితే రోజుకు 36 యూనిట్లు కాలుతుంది. చిన్న కొలనుకు మూడు వందల వాట్లది చాలు, అదీ థర్మోస్టాట్ ఉన్నదైతే అవసరమైనప్పుడే వెలుగుతుంది. ప్లగ్గుకు జీఎఫ్‌సీఐ రక్షణ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు, ఉందో లేదో చూసుకోండి, నీళ్ళూ కరెంటూ ఒకచోట ఉన్నప్పుడు అందులో బేరం లేదు.

అయినా ఓ రోజు పొద్దున లేచేసరికి కన్నం మూసుకుపోయి ఉంటుంది. సుత్తి కోసం వెళ్ళకండి. కార్ప్ కుటుంబంలోని చేపలకు గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఒకటి ఉంటుంది. వెబర్ ఎముకలు అంటారు. నీళ్ళలో పుట్టిన ప్రతి అదురునీ ఆ ఎముకలు చెవికి మోస్తాయి. అందుకే ఈ జాతి చేపలు అంత బాగా వింటాయి. మీరు పలక మీద సుత్తితో కొట్టే ఒక్కో దెబ్బా వాటికి ఎలా తగులుతుందో ఊహించుకోండి. అడుగున బొటాబొటిగా బతుకుతున్న చేప ఆ అదురుకు బెదిరి పరుగెత్తితే, దాచుకున్న శక్తి వృథా అవుతుంది.

ఒక మందపాటి స్టీలు గిన్నె నిండా మరుగుతున్న నీళ్ళు తీసుకుని పలక మీద పెట్టండి. పిడికి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస గట్టు మీద దేనికైనా కట్టండి, లేకపోతే గిన్నె కొలనులోకి జారిపోతుంది. కాసేపు ఏమీ జరిగినట్టుండదు. ఆ తర్వాత గిన్నె చుట్టూ సన్నని నీటి వలయం తేలుతుంది, గిన్నె కొంచెం కుంగుతుంది. నీళ్ళు చల్లారితే మార్చి పెట్టండి. పలకలోపల తెల్లగా చిక్కుకున్న గాలిబుడగలు ఒక్కొక్కటే విడివడి పైకి పోతాయి. వాసన వస్తే ఆకులు సరిగ్గా తీయలేదన్నమాట. మరిగే నీళ్ళను నేరుగా కొలనులో మాత్రం పొయ్యకండి, ఉప్పు చల్లకండి. కారు యాంటీఫ్రీజ్ కలిపితే చేపలకే కాదు, ఆ నీళ్ళు తాగిన కుక్కలకీ ప్రాణాంతకం.

ఒకవేళ ఇవేవీ చెయ్యకపోయినా కొన్ని గోల్డ్‌ఫిష్‌లు వసంతంలో నిక్షేపంగా పైకి తేలడం చూస్తాం. దానికో కారణం ఉంది. గోల్డ్‌ఫిష్, దాని దగ్గరి బంధువు క్రూసియన్ కార్ప్, ఆక్సిజన్ లేకపోతే ఒంట్లో పేరుకునే ఆమ్లాన్ని సారాయిగా మార్చేసి మొప్పల ద్వారా బయటికి వదిలేస్తాయి. సారాయి అంటే హాస్యానికి అనడం లేదు, ఎథనాలే. ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు 2017లో దీని వెనక ఉన్న ఎంజైమును వివరించారు. క్రూసియన్ కార్ప్ రక్తంలో నూరు మిల్లీలీటర్లకు యాభై మిల్లీగ్రాములు దాటి ఎథనాల్ ఉంటుందట. కొన్ని దేశాల్లో ఆ మోతాదుతో కారు నడిపితే పోలీసులు పట్టుకుంటారు. గోల్డ్‌ఫిష్ ఇలా రోజుల తరబడి నెట్టుకొస్తుంది, క్రూసియన్ కార్ప్ నెలల తరబడి. కోయికి ఆ విద్య రాదు. పెద్ద శరీరం, ఎక్కువ ఖరీదు, తక్కువ ఓర్పు. కొలను అడుగున చర్మంతో శ్వాసిస్తూ పడుకునే లెపర్డ్ కప్పల పరిస్థితీ అంతే. వసంతంలో కప్పలు చచ్చి తేలి, గోల్డ్‌ఫిష్ తిరుగుతుంటే, చలికాలంలో ఆక్సిజన్ అయిపోయిందని అర్థం.

కోయి మీద డబ్బు బాగా పెట్టినవాళ్ళకు ఓ మాట. ఈ చేప పుట్టిల్లు జపాన్‌లోని నీగాటా కొండలు, యమాకోషి, ఓజియా ప్రాంతాలు. వరి పండించుకునే రైతులు రెండు వందల ఏళ్ళ కిందట తిండికి పెంచుకున్న నల్ల కార్ప్‌లో రంగులు తేలితే, వాటిని ఏరి పెంచుతూ పోయారు. ఆ కొండల్లో హిమం మనిషి ఎత్తు దాటి పడుతుంది. మరి వాళ్ళేం చేస్తారు? ఎండాకాలం బురద కుంటల్లో పెంచిన కోయిలను శరదృతువులో వలేసి పట్టి, కప్పున్న తొట్లలోకి మార్చేస్తారు. పుట్టింటివాళ్ళే మంచి చేపను హిమం కింద వదలరు. మీ కొలను లోతు చాలకపోతే మీరూ అదే చెయ్యండి. బేస్‌మెంట్‌లోనో, గరాజ్‌లోనో పెద్ద తొట్టి, ఫిల్టరు, పైన వల, ఎందుకంటే కోయి ఎగురుతుంది. వెచ్చటి హాల్లో పెట్టకండి. చల్లటి చోటే మంచిది, మార్పు మెల్లగా జరగాలి.

డాలస్ వైపు వింటున్నవాళ్ళు ఇదంతా ఉత్తరాది గోల అనుకోవచ్చు. 2021 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్. లక్షల ఇళ్ళకు కరెంటు లేదు. టెక్సస్ సముద్రతీరంలో కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్క కట్టింది. అవి వెచ్చటి నీళ్ళ సముద్రపు చేపలు, వాటిని చంపింది చలే. పెరటి కోయిల సమస్య వేరు. అక్కడ కొలనులు లోతు తక్కువ, గాలి మోటార్లకు కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఖరీదేం ఎక్కువ కాదు, ఒకటి కొని ఛార్జి చేసి ఉంచండి. గ్యాసు పొయ్యి ఉన్నవాళ్ళకు గిన్నె ఉపాయం ఎలాగూ ఉంది.

పిల్లలున్న ఇళ్ళకు ఇది. నడవాలంటే నాలుగు అంగుళాల స్పష్టమైన గట్టి మంచు ఉండాలని మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. మనం ఏరియేటరుతో, డీ-ఐసర్‌తో కావాలని పలుచబరిచిన కొలను మీద ఆ లెక్క వర్తించదు. ఇండియా నుంచి చూడవచ్చిన మనవలు మంచు మీద జారాలని ముచ్చటపడతారు. పక్కనున్న ఐస్ రింకుకు తీసుకెళ్ళండి. కొలను చుట్టూ కంచె వెయ్యండి.

మార్చి వచ్చింది, మంచు కరిగింది, గండం గడిచిందనుకుంటాం. అసలు కష్టం అప్పుడే మొదలు. నీళ్ళు అయిదు డిగ్రీలు దాటేసరికి పుండ్లు తెచ్చే బాక్టీరియా మేలుకుంటుంది. చేప రోగనిరోధక శక్తి మాత్రం ఇంకా మగతలోనే ఉంటుంది. ఉపవాసంతో చిక్కి ఉన్న చేప ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ఊడిన పొలుసులు కనిపిస్తే ఆ సమయంలోనే. కొలను అంతా ఒక్క రోజులో కడిగెయ్యకండి. అయిదో వంతు నీళ్ళు మార్చి, మున్సిపల్ నీళ్ళైతే క్లోరిన్, క్లోరమైన్ విరిచే మందు ముందే కలపండి. ఫిల్టరులోని మంచి బాక్టీరియా తేరుకోవడానికి వారాలు పడుతుంది, కాబట్టి అమ్మోనియా పరీక్ష చేస్తూ ఉండండి. నీళ్ళు వారం రోజుల పాటు పది డిగ్రీల పైన నిలకడగా ఉన్నాకే అటక మీది డబ్బా దించండి. మొదటి మేత రెండు నిమిషాల్లో తినేసేంత చాలు, అదీ గోధుమ మొలకదే.